కూచిపూడి చదువునకు ఒక వేసవి

హౌరా నుండి ఖరగ్‌పూరు వైపునకు బయలుదేరిన లోకలు బండి ఊపందుకొనక మునుపే ఆగు మొదటి స్టేషను టికియాపారా. రైలు పెట్టెలను కడిగి సరిచేయు యార్డు, కార్‌షెడ్డు, రైల్వే క్వార్టర్సు, ఇరుకు సందులు, ఇదియే ఆ పేట స్వరూపము. బెంగాల్ నాగపూరు రైల్వే 1887లో ఏర్పడినది. 1900లో రూపనారాయణ నదిపై వంతెన పూర్తియైన పిదప విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల పనివారు అనేకులు ఆ దారి వెంటనే ఖరగ్‌పూరునకు, హౌరాకు వచ్చి చేరిరి. తరువాతి తరమున మా తండ్రిగారును ఆగ్నేయ రైల్వే ఉద్యోగియై ఆ దారిననే వచ్చిరి. నా బాల్యము టికియాపారాలో గడచినది.

గత సంక్రాంతికి అచటి పాత పొరుగువారి ఇంటికి వెళ్ళినపుడు ఆ ఇల్లాలు నన్నొక ప్రశ్న అడిగెను. వారి అమ్మాయికి పదమూడేండ్లు. హౌరాలోనే ఒక ఉపాధ్యాయిని వద్ద వారమునకు రెండు మారులు కూచిపూడి నృత్యము నేర్చుకొనుచున్నది. "అన్నయ్యగారూ, వేసవి సెలవులకి పిల్లని కూచిపూడి పంపుదామనుకుంటున్నాం. నలభై రోజుల్లో ఏమన్నా వస్తుందంటారా?" అని ఆమె ప్రశ్న. ప్రక్కనే కూర్చున్న ఆ బాలిక తల యెత్తలేదు గాని, చేతిలోని పుస్తకము పుటలు త్రిప్పుట మానెను.

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. కారణము తరువాత మనవి చేసెదను. ఈ విద్య పూర్వము ఎట్లు వచ్చుచుండెడిదో ముందు చూచుట మేలు.

కూచిపూడి కృష్ణా జిల్లాలో, క్షేత్రయ్య పుట్టిన మొవ్వకు సమీపమున నున్న చిన్న గ్రామము. మాచుపల్లె కైఫీయతు కథనమును బట్టి, విజయనగర ప్రభువగు వీరనరసింహరాయల కాలమున, అనగా 1500 ప్రాంతమున, సంబెట గురవరాజు తన సీమలో ప్రజలను పెట్టు బాధలను భాగవతులు రాయల యెదుట ఆడి చూపిరట. ఆటతో అర్జీ దాఖలు చేసిన ఆ ఉదంతము, దస్త్రములతో బ్రతుకు మావంటివారికి కొంత అసూయ కలిగించును. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి ఆ గ్రామపు బ్రాహ్మణ బాలురకు నేర్పెననియు, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా వారి ఆటను మెచ్చి ఆ గ్రామమును అగ్రహారముగా ఇచ్చెననియు పరంపరగా చెప్పుకొందురు. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, మహంకాళి మొదలైన ఇంటిపేర్ల వారు తరతరములుగా ఈ విద్యను నిలుపుకొనిరి.

ఆ ఇండ్లలో బాలుడు నృత్యము నేర్చుకొనుటకు ఎచ్చటికిని పోలేదు. అతడు భోజనము చేసిన వసారాలోనే తాళము వినెను. నిద్రించిన యింటిలోనే దరువులు వినెను. తండ్రియో, పినతండ్రియో, మేనమామయో గురువు. అడుగులతో పాటు పాట, సంస్కృతము, వాచికము నేర్వవలెను. ఏలయనగా కూచిపూడి నటుడు కేవలము ఆడువాడు కాడు, మాటాడువాడు కూడ. అచటి కుటుంబములలో పుట్టిన ప్రతి పురుషుడును జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము ధరింపవలెనని నియమము. పాఠమునకు మొదలు ఎప్పుడో, తుది ఎప్పుడో ఆ బాలునకు తెలియదు. సెలవు అను మాటకు అచట అర్థమే లేదు.

పదమూడు, పదునాలుగేండ్ల వయస్సు ఆ పిల్లవానికి గడ్డుకాలము. గొంతు పగులును, కాళ్ళు చేతులు ఒక్కసారిగా సాగును, నిన్నటి వరకు ఒదిగిన అరమండి నేడు ఒదుగదు. స్త్రీపాత్రకు అలవాటు చేసిన పిల్లవాడు మీసము మొలచు వేళ ఏమి కావలెను? ఇంటిలోని గురువు అతనిని ప్రతి దినము చూచుచుండును కనుక, ఆ యేడు అతనిచే ఏది చేయింపవలెనో, ఏది మాన్పింపవలెనో ఎరుగును. వేదాంతం సత్యనారాయణ శర్మ 1935లో పుట్టి, సత్యభామగా దేశమంతట పేరొంది, 2012లో పరమపదించెను. ఆయన పురుషుడని చెప్పినను నమ్మనివారుండిరని పెద్దలు చెప్పుదురు. ఆ సొగసు ఏ ఒక్క వేసవిలోను వచ్చినది కాదు.

ఈ పద్ధతిలో గొప్పతనమెంత కలదో, అన్యాయమును అంత కలదు. ఆడపిల్లకు ఆ వాకిలి మూసియుండెను. ఇతర కుటుంబముల వారికిని అంతే. టికియాపారా బాలిక నూరేండ్ల క్రితము కూచిపూడి వెళ్ళియున్నచో ఆట చూచి తిరిగి వచ్చియుండును, నేర్చుకొనియుండదు. ఆ తలుపును తెరచిన వారిలో ముఖ్యుడు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి. 1956లో మరణించిన ఆ పెద్ద స్త్రీలకు విద్య చెప్పి, మేళముగా ఆడు కళ నుండి ఒక్కరే ఆడదగిన అంశములను తీర్చెను.

1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీ జరిపిన నృత్యగోష్ఠిలో విస్సా అప్పారావు కూచిపూడిని గూర్చి ప్రసంగించిరి. ఆ దశకపు చివరనే బందా కనకలింగేశ్వరరావు పూనికతో గ్రామములో సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసెను. చింతా కృష్ణమూర్తి వంటి పెద్దలు అచట బోధించిరి. తరువాత 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము దానిని తన పీఠముగా చేసికొనెను. ఇట్లు ఇంటి విద్య బడి విద్య యయ్యెను. బడి యనగా గంట, పట్టిక, పరీక్ష. వానితో పాటు సెలవులును వచ్చెను. మన పిల్లలకు వేసవిలో కూచిపూడి పోవుట అను ఊహ కలుగుటకే ఈ మార్పు మూలము.

బడి పెట్టినంత మాత్రమున ఇంటి పద్ధతి పోవలసిన పని లేదని చూపినవాడు వెంపటి చినసత్యము. కూచిపూడిలో 1929లో జన్మించి, మదరాసు చేరి, 1963లో అచట కూచిపూడి ఆర్ట్ అకాడెమీ నెలకొల్పెను. ఆ అకాడెమీ నృత్యనాటకములకు ఎస్. వి. భుజంగరాయశర్మ సాహిత్యము, పట్రాయని సంగీతరావు సంగీతము తోడైనవి. సంగీతరావుగారు మన సాలూరువారని చెప్పుటకు విజయనగరము వాడనగు నాకు కొంచెము గర్వము. చదువరులు మన్నింతురు గాక. అనకాపల్లిలో 1956లో పుట్టిన శోభానాయుడు బాల్యముననే తల్లి పట్టుదలచే మదరాసు చేరి చినసత్యముగారి వద్ద నేర్చెను. ఒక వంక క్వీన్ మేరీస్ కళాశాలలో చదువు సాగించుచునే సత్యభామగా, పద్మావతిగా దేశదేశముల ఆడెను. 1980లో హైదరాబాదున తానే ఒక అకాడెమీ స్థాపించి, 2020లో మరణించువరకు నేర్పుచునే యుండెను. ఈమె కథలో నాకు ముఖ్యముగా తోచునది ఆ తల్లి. ఇల్లే బడియైన కాలము పోయినది గనుక, ఆమె ఇంటినే తీసికొని బడి దాపునకు పోయెను.

కలకత్తాకు చెందిన ఒక బాలుని కథయు ఇచట చెప్పవలెను. ఉదయశంకర్ హిమాలయ పాదమున ఆల్మోడాలో ఒక నృత్యకేంద్రము నెలకొల్పెను. కథకళికి శంకరన్ నంబూదిరి, భరతనాట్యమునకు కందప్ప పిళ్ళె, మణిపురికి అమోబీ సింగ్, సంగీతమునకు అల్లాఉద్దీన్ ఖాన్ గురువులు. అంతటి గురువులు ఒక్కచోట కూడిన విద్యాలయము మరల మన దేశమున కానరాదు. కలకత్తాలో పెరిగిన ఒక యువకుడు 1942లో, పదునేడేండ్ల ప్రాయమున, అచట చేరెను. 1944లో కేంద్రము మూతపడెను. చదువు నడుమనే ఆగిపోయిన ఆ యువకుడు పూనా వెళ్ళి ప్రభాత్ ఫిల్మ్ కంపెనీలో నృత్యదర్శకుడుగా కుదురుకొని, పిదప చలనచిత్ర దర్శకుడయ్యెను. అతడే గురుదత్. రెండేండ్ల తీవ్రశిక్షణ అతనిని నర్తకుని చేయలేదు. అయినను అతని చిత్రములలో పాట సాగునపుడు కెమెరా కదలు తీరు చూచినవారు ఆ రెండేండ్లు వ్యర్థమైనవని అనజాలరు.

ఇక నా సంకోచమునకు కారణము. 1997 వేసవిలో మా చెల్లెలికి పదునాలుగేండ్లు. కోస్తాలోని ఒక పట్టణములో బంధువుల ఇంట ఉంచి ఒక శిక్షణాలయమునకు పంపితిమి. దినమునకు ఆరు గంటలు, సిమెంటు నేల. సెలవుల చివర ప్రదర్శన యుండుటచే, అడుగులు గట్టిపడకుండగనే పళ్ళెముపై తరంగము నేర్పిరి. అంచులపై నిలిచిన పాదములతో పళ్ళెమును జరుపుట చూచువారికి వేడుక. దాని బరువు మోయునది మోకాలు. తిరిగి వచ్చి దసరాకు టికియాపారాలో ఆడినపుడు అందరును చప్పట్లు కొట్టిరి, మేమును కొట్టితిమి. దీపావళి నాటికి ఆమె మోకాలు వాచెను. మరుసటి యేటికి నృత్యము మానివేసెను. మాలో ఒక్కరమైనను, ఆమె తిరిగి వచ్చిన తరువాత ఇచట ప్రతిదినము ఆమెను చూచువారెవరు అని అడిగియుండలేదు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు చెల్లెలికి ఫోను చేసితిని. ఆమె నవ్వి, "అన్నయ్యా, మోకాలి సంగతి నువ్వింకా మరిచిపోలేదా? నాకు ఆ వేసవే ఇష్టం. తెల్లవారుజామున లేచి పదిమంది ఆడపిల్లలం ఒక్కసారి అడుగు వేస్తుంటే ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది" అనెను. ఈ మాట విన్న తరువాత నా వ్యాసము కొంత మార్చుకొనవలసి వచ్చినది. వేసవి శిక్షణ తగదని వ్రాయ తలపెట్టితిని; అట్లు వ్రాయజాలను.

నాకు తోచినంతవరకు, ఈ చరిత్ర యంతటను విద్య నిలిచినది గురువు ప్రతిదినము కన్నువేసి యున్న చోటనే. ఆ కన్ను ఉన్నపుడు నలుబది దినములు గొప్ప మేలు చేయును. సంవత్సరమంతయు తప్పుగా పడిన అడుగు ఒక వేసవిలో దిద్దుబాటగును. తన యీడు పిల్లలను చూచి పిల్ల తన స్థానము తెలిసికొనును. ఈ వృత్తి తనకు కావలెనో వలదో కూడ తెలియును. ఆ కన్ను లేనపుడు అవే నలుబది దినములు ఒక ప్రదర్శనకు చాలును, అంతే. మన సంఘము ఉగాది వేదికకు, దీపాలంకరణకు వెచ్చించు ధనములో కొంత హౌరాలో ఏడాది పొడుగునను ఒక ఉపాధ్యాయినిని నిలుపుటకు కేటాయించినచో బాగుండునని కార్యవర్గమునకు నా మనవి. పది మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు కేంద్ర ప్రభుత్వపు సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రము ప్రతిభాన్వేషణ ఉపకార వేతనములు ఇచ్చుచున్నది. మన ఉద్యోగులలో ఎందరో దీని నెరుగరు. దరఖాస్తులు నింపుట మన వృత్తియే గదా!

టికియాపారా ఇల్లాలికి జాబు వ్రాసితిని. పిల్లను పంపుడని, అయితే ముందుగా హౌరా ఉపాధ్యాయినిచేత కూచిపూడి గురువుగారితో మాటాడింపుడని, సెలవుల చివర ప్రదర్శన ఉన్నదేమో కనుగొనుడని కోరితిని. వారము తిరుగకుండగనే ఫోను వచ్చినది. ఇద్దరు గురువులును మాటాడుకొనిరట. టిక్కెట్లు కొనిరట, విజయవాడ వరకు రైలు, అచటి నుండి పామర్రు మీదుగా బస్సు. ప్రదర్శన లేదట. గజ్జెలు తేనక్కరలేదని గురువుగారు చెప్పగా పిల్ల ఆ రాత్రి అన్నము తినలేదట. ఉదయము తానే పెట్టె సర్దుకొని, అందులో నుండి గజ్జెల సంచి తీసి బీరువాలో పెట్టెనట.