విద్యార్థుల స్వీయ మదింపు (గోదావరి జిల్లాలు)

తరగతిలో తాను చేసిన పని ఎంతవరకు కుదిరిందో విద్యార్థే చూసుకుని చెప్పడాన్ని స్వీయ మదింపు అంటారు. పక్కవాడి పనిని చూసి చెబితే అది సహపాఠీ మదింపు. గోదావరి జిల్లాల బడుల్లో ఈ పేర్లు ఇటీవలివి, అలవాటు మాత్రం పాతది.

వీధిబడులు: గుంట ఓనమాలు దిద్దే పిల్లవాడికి వేలు గాడి తప్పితే పంతులు చెప్పకముందే తెలిసిపోయేది. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత పాఠం అప్పజెప్పించుకోవడం ఉండేది. 1789 తర్వాత మద్రాసు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఇలా పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతిని నడిపి, 1797లో దానిపై పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరుకెక్కింది. రాజమండ్రి కలెక్టరు రాబర్ట్‌సన్ 1823లో పంపిన నివేదిక ప్రకారం జిల్లాలో 291 బడులు, 279 ఉన్నత విద్యాస్థానాలు ఉన్నాయి. చరిత్రకారుడు ధరంపాల్ 1983లో వెలువరించిన 'ది బ్యూటిఫుల్ ట్రీ' ద్వారా ఈ లెక్కలు అందరికీ అందాయి. పిల్లల తప్పొప్పులు ఎవరు చూసేవారన్నది అలాంటి పట్టికలకు ఎక్కే విషయం కాదు.

ఆ తర్వాత ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే విధానం, పబ్లిక్ పరీక్షలు వచ్చి మదింపు ఇన్‌స్పెక్టరు చేతికి, మార్కుల చేతికి వెళ్లింది.

ఆపెప్: బ్రిటన్ సహాయంతో 1980 దశకంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని ఉపాధ్యాయులు 'ఆపెప్' అనేవారు. దాని ఆరు సూత్రాల్లో ఒకటి పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించడం. గోడకు తగిలించిన బొమ్మ పక్కన ఇంకొకరి బొమ్మ ఉంటే పోల్చుకోవడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిరంతర సమగ్ర మూల్యాంకనం: 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రం-2011ను అనుసరించి అప్పట్లో హైదరాబాదులో ఉన్న రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ (ఎస్.సి.ఇ.ఆర్.టి.) కొత్త పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఆ తెలుగు వాచకాల్లో పాఠం చివర 'నేనివి చేయగలనా?' అనే చిన్న పట్టిక ఉండేది. ధారాళంగా చదవడం, సొంత మాటల్లో రాయడం వంటి ఒక్కో అంశం ఎదురుగా అవును, కాదు అనే రెండు గడులు. ఇంగ్లీషు వాచకంలో మూడోది కూడా ఉండేది: కొంతవరకు. పిల్లలకు అన్నిటికంటే పనికొచ్చే గడి అదే.

ఈ వాచకాల ఇంగ్లీషు బోధన వెనుక కేరళ భాషావేత్త కె.ఎన్. ఆనందన్ ఆలోచన ఉంది. ఒక విద్యార్థి సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు నల్లబల్ల మీదికి ఎక్కుతాయి. ఎక్కడ మాట తగ్గింది, ఎక్కడ క్రియ తప్పింది అని టీచరు అడుగుతారు, తరగతి చెబుతుంది. దిద్దాక ఎవరి నోటుబుక్కు వారు తీసి తమ వాక్యాలు సవరించుకుంటారు. ఈ విధానంలో ఇంతకంటే మంచి భాగం లేదు, ఇంతకంటే సమయం తినేదీ లేదు. నలభై అయిదు నిమిషాల పీరియడులో రెండు పేరాలు దాటవు.

హైస్కూల్లో నిర్మాణాత్మక మూల్యాంకనానికి, అంటే ఎఫ్.ఏ.కి, 50 మార్కులు పెట్టారు. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు 10, రాత అంశాలకు 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20. పిల్లలు తమ గురించి పెన్సిలుతో పెట్టుకున్న టిక్కులకు ఇందులో చోటు దక్కలేదు. ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన బొమ్మూరు, దూబచర్ల డైట్‌లలో చదివే ఛాత్రోపాధ్యాయులకు మూల్యాంకనం పాఠ్యాంశమే.

2019-20 నుంచి పదో తరగతిలో ఎఫ్.ఏ.లను బట్టి వేసే 20 అంతర్గత మార్కులు తీసేశారు. 2020 జాతీయ విద్యా విధానం ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుడి మదింపుతో పాటు స్వీయ మదింపు, సహపాఠీ మదింపు కూడా ఉండాలని చెప్పింది.