కంటికి ఓడిన కెమెరా

1840లో న్యూయార్క్‌లో రసాయన శాస్త్రం బోధించే జాన్ విలియం డ్రేపర్ వెండి పూత పూసిన రాగి రేకు మీద చంద్రుణ్ణి పట్టాడు. అందుకు 20 నిమిషాలు పట్టింది. చేతికొచ్చింది మచ్చలు తెలిసీ తెలియనట్టున్న చిన్న బింబం. అంతకు 230 ఏళ్ల ముందే గెలీలియో తన చిన్న టెలిస్కోపులో చూసి, చంద్రుడి గుంతల అంచున పడే నీడలను చేత్తో గీశాడు. కొత్త యంత్రం పాత కంటి కంటే వెనకబడటం మొదట్లో మామూలే. కానీ ఈ వెనకబాటు డ్రేపర్‌తో పోలేదు, ఒకటిన్నర శతాబ్దం సాగింది. కటకాలు బాగుండేవి కావనీ, ప్లేట్లు మొరటువనీ సాధారణంగా చెబుతారు. అది సగమే నిజం. అసలు చిక్కు సమయంతో వచ్చింది. గాలి ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. మధ్యలో ఒక్క క్షణం నిలకడగా ఉంటుంది. కన్ను ఆ క్షణం కోసం కాచుకుని, దొరికింది గుర్తుపెట్టుకుని మిగతాది వదిలేస్తుంది. ప్లేటుకు ఆ విచక్షణ లేదు. తెరిచి ఉన్నంతసేపూ మంచీ చెడూ కలిపి తాగేస్తుంది.

దానికి తోడు చంద్రుడు ఆగడు. భూభ్రమణం వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. చంద్రుడి నేల మీద అది దాదాపు 28 కిలోమీటర్లు. అంటే కదలని టెలిస్కోపుకు కెమెరా తగిలించి మూడు సెకన్లు తెరిచి ఉంచితే, 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ గుంత దాదాపు తన వెడల్పంతా జరిగిపోతుంది. 1850లలో లండన్‌లో వారెన్ డి లా రూ దీనితోనే కుస్తీ పట్టాడు. ఆయన వృత్తి కాగితం, అచ్చు వ్యాపారం. కవర్లు మడిచే యంత్రం, పేకముక్కలు ఆ కుటుంబ సంస్థ సరుకు. 1851 లండన్ ప్రదర్శనలో హార్వర్డ్ నుంచి వచ్చిన చంద్రుడి ఫొటో చూశాక, తన 13 అంగుళాల టెలిస్కోపుతో తడి కొలోడియన్ ప్లేట్ల మీద ప్రయత్నం మొదలుపెట్టాడు. గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, ఆరేలోపే ఫొటో తీసి కడగాలి. ఎక్స్‌పోజర్ సెకన్లలోకి దిగింది గానీ, టెలిస్కోపును తిప్పే గడియార యంత్రం ఆయన దగ్గర ఇంకా లేదు. ప్లేటున్న చట్రాన్ని చేత్తోనే జరుపుతూ చంద్రుడి వెంట పోవాలి. అలా కుదరదని పని ఆపేసి, 1857లో క్రాన్‌ఫర్డ్‌కు మారి గడియార యంత్రం అమర్చాకే మళ్లీ మొదలుపెట్టాడు.

ఇంత చేసినా జేమ్స్ నాస్మిత్‌కు ఫొటోలు తృప్తినివ్వలేదు. ఆవిరి సమ్మెట కనిపెట్టిన ఈ ఇంజినీరు ఏళ్ల తరబడి కంటితో చూసి గీసి, ఆ గీతలనుబట్టి ప్లాస్టర్ నమూనాలు పోసి, వాటిని ఎండలో పెట్టి ఫొటోలు తీశాడు. 1874లో సహరచయిత కార్పెంటర్‌తో కలిసి చంద్రుడి మీద తెచ్చిన పుస్తకంలో పాఠకులను మురిపించినవి ఆ బొమ్మలే. కెమెరా ఓటమికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? దారి చూపినవాడు డ్రేపర్ కొడుకు హెన్రీ. వృత్తిరీత్యా వైద్యుడైన ఆయన 1863లో సొంతంగా చేసుకున్న 15.5 అంగుళాల అద్దంతో చంద్రుడి నెగటివ్‌లు దాదాపు 1,500 తీశాడు. వాటిలో పెద్దవి చేయడానికి పనికొచ్చినవి కొన్నే. గాలి నిలకడను ప్లేటు ఎంచలేదు కాబట్టి, మనిషి వందలు తీసి ఎంచుకోవాలి. ఈ కళలో అభ్యాసమంటే ప్రధానంగా పారేయడం నేర్చుకోవడమే.

వ్యాపారి, ఇంజినీరు, వైద్యుడు నడిపిన ఈ కథను ఔత్సాహికుల ఘనతగా చెబితే రెండు ఆక్షేపణలు వస్తాయి. పెద్ద అబ్జర్వేటరీలే మేలైన ఫొటోలు తీశాయి కదా అనేది ఒకటి. నిజమే, పారిస్ అబ్జర్వేటరీలో లీవీ, ప్విజో తీసిన ఫొటోలతో 1896 నుంచి వెలువడిన చంద్రుడి అట్లాసును ఏ ఔత్సాహికుడూ అందుకోలేదు. అయితే వాళ్లూ వేల ప్లేట్లు తీసి కొన్నే ఎంచారు. పైగా అంత పెద్ద యంత్రంతో కూడా మంచి రాత్రి కంటికి దొరికే సన్నని వివరాలు ప్లేటు మీదికి రాలేదు. రెండోది, ఆ ఔత్సాహికులంతా డబ్బున్నవాళ్లేనని. ఒప్పుకోక తప్పదు. మన హైదరాబాదులో 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేసిన జఫర్ జంగ్ కూడా నవాబే. నెగటివ్‌లు వందల్లో పారేయడానికి తీరికా సొమ్మూ రెండూ కావాలి.

ఆ ఖర్చును ఎగరగొట్టింది వెబ్‌క్యామ్. 1990ల చివరికి ఔత్సాహికులు చవక వెబ్‌క్యామ్‌ను టెలిస్కోపుకు బిగించి వీడియో తీయడం మొదలుపెట్టారు. 2000ల ఆరంభంలో వచ్చిన రిజిస్టాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేల ఫ్రేముల్లో పదునైనవి ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి చిత్రం ఇస్తుంది. ఒక్కో ఫ్రేము ఎక్స్‌పోజర్ సెకనులో చిన్న భాగమే. కాబట్టి గాలి నిలిచిన క్షణం విడిగా దొరుకుతుంది. ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో చంద్రుడి మీద కిలోమీటరు, రెండు కిలోమీటర్ల గుంతలు పట్టడం ఇలాగే సాధ్యమైంది. ఇదంతా యంత్రమే చేస్తే నేర్చుకునేదేముందని అడగవచ్చు. ఉంది. పున్నమినాడు నీడలుండవు, ఫొటో చప్పగా వస్తుంది. అష్టమి చంద్రుడి మీద వెలుగుచీకట్ల సరిహద్దే కొండల ఎత్తు చూపుతుంది. చంద్రుడు నడినెత్తికి దగ్గరైనప్పుడు మధ్యలో గాలి పొర పలచన. ఎక్స్‌పోజర్ ఎక్కువై తెల్లబారిన గుంత అంచును ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. ఇక కొన్ని ఫోన్లు లెన్సుకు అందని వివరాన్ని ముందే నేర్చిన బొమ్మల నుంచి నింపి చూపుతున్నాయి. నాస్మిత్ చేసిందీ దాదాపు అదే, కానీ అవి ప్లాస్టర్ నమూనాలని ఆయన తన పుస్తకంలోనే చెప్పుకున్నాడు.