పెద్దపిల్ల రవిక: మరపున పడిన ఒక హాస్యం

మన ఊళ్ళలో మగవాడు వెనుకంజ వేస్తే "చేతులకు గాజులు తొడుక్కో" అంటారు. ఇంగ్లండు ఉత్తర ప్రాంతం నుంచి ఆస్ట్రేలియాకు చేరిన వెటకారం ఒకటి దీనికి చాలా దగ్గర: "బిగ్ గర్ల్స్ బ్లౌజ్". పెద్దపిల్ల రవిక అన్నమాట. పిరికి మగవాణ్ణి అలా వెక్కిరిస్తారు. తిట్టు తినేది మగవాడే అయినా, ఇక్కడా అక్కడా చిన్నబోయేది మాత్రం ఆడది. ఆ తిట్టునే 1994లో ముగ్గురు స్త్రీలు ఏరి తెచ్చుకుని తమ టెలివిజన్ కార్యక్రమానికి పేరుగా పెట్టుకున్నారు.

నేను మెల్‌బోర్న్ చేరేనాటికి ఆ కార్యక్రమం ముగిసి చాలా ఏళ్ళయింది. "క్యాథ్ అండ్ కిమ్" చూసి నేను పడీపడీ నవ్వుతున్నానని విని, ఆఫీసులో ఒక పెద్దావిడ "దీని పుట్టిల్లు చూడు" అంటూ పాత వీడియో టేపు ఒకటి తెచ్చి ఇచ్చారు. యాస సగం అర్థం కాలేదు. నవ్వు మాత్రం ఆగలేదు.

జీనా రైలీ, జేన్ టర్నర్, మాగ్డా షుబాన్‌స్కీ: ఈ ముగ్గురూ అంతకుముందు సెవెన్ ఛానెల్‌లో 1989 నుంచి 1992 దాకా వచ్చిన "ఫాస్ట్ ఫార్వర్డ్" ద్వారా పేరు పొందినవారు. చిన్న చిన్న హాస్య ఖండికల కార్యక్రమాలలో ఆడవారికి ఆనాడు తరచుగా దక్కినవి భార్య, నర్సు, సెక్రటరీ పాత్రలే. మగవాడి మాట పేలడానికి పక్కన నిలబడవలసిన వేషాలవి. "బిగ్ గర్ల్స్ బ్లౌజ్"లో ఆ ముగ్గురే రాసుకున్నారు, ఆ ముగ్గురే ముందు నిలిచి నటించారు. ఒక్క సీజన్‌తోనే అది ముగిసిపోయింది.

అందులో నినాదాలు లేవు, ఉపన్యాసాలు లేవు. మరి దానిని స్త్రీవాద హాస్యమని ఎందుకంటున్నాను? అందులోని స్త్రీలకు మంచివారుగా ఉండవలసిన బాధ్యత లేదు గనుక. వారు గొప్పలు పోతారు, అలుగుతారు, అద్దం ముందు తమను తామే మోసగించుకుంటారు. వెర్రితనం కూడా ఒక హక్కేనని, అది ఎంతోకాలం మగవారి సొత్తుగానే ఉండిపోయిందని నాకు ఆ టేపు చూశాకే తట్టింది. మనకు భానుమతిగారి "అత్తగారి కథలు" ఉన్నాయి. అక్కడ కూడా ఇంటి ఆడవారి చాదస్తాన్ని చూసి నవ్వినది ఆ ఇంటి మనిషే. ఆ నవ్వులో చులకన లేదు.

క్యాథ్, కిమ్ అనే తల్లీకూతుళ్ళు, వారి నేస్తం షారన్ ఈ కార్యక్రమం నుంచే బయలుదేరారు. 1992లో ఒక నిజమైన సిడ్నీ కుటుంబాన్ని చూపించిన "సిల్వేనియా వాటర్స్" తరహా డాక్యుమెంటరీలకు అది వ్యంగ్యానుకరణ. ఆ పాత్రలు 1998లో "సంథింగ్ స్టుపిడ్"లో మళ్ళీ కనిపించి, 2002లో ఏబీసీలో సొంత ధారావాహికగా స్థిరపడి దేశాన్నే నవ్వించాయి.

చదువుకున్నవారు శివారు కాలనీల దిగువ మధ్యతరగతిని, వారి యాసను ఎగతాళి చేశారని ఆ ధారావాహిక మీద విమర్శ వచ్చింది. యాస వల్ల నవ్వులపాలైన వలసవాణ్ణి కనుక దానిని తేలికగా తోసిపుచ్చలేను. అయితే షారన్ ఇంటిపేరు స్ట్రెలెకీ. అది పోలండు పేరు. ఆ పాత్ర ధరించిన మాగ్డా లివర్‌పూల్‌లో ఒక పోలండు తండ్రికి పుట్టి, పసితనంలో ఆస్ట్రేలియాకు వలస వచ్చి, మెల్‌బోర్న్ శివార్లలో పెరిగిన మనిషి. మేడ మీద నుంచి వీధిని చూసి నవ్వడం వేరు, అదే అరుగు మీద కూర్చుని నవ్వడం వేరు. నేను చూసినది రెండవదని నా నమ్మకం.

ఆ పెద్దావిడకు టేపు తిరిగి ఇస్తూ, మా వైపు గాజుల తిట్టు గురించి చెప్పాను. ఆవిడ నవ్వి, "మరి ఆ పేరుతో మీవాళ్ళెవరూ కార్యక్రమం చెయ్యలేదా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఈనాటికీ ఎవరైనా ఆ తిట్టు వాడితే, ముందుగా ఆవిడ ప్రశ్నే నా చెవిలో మోగుతుంది.