ఐసు కంటే ముందు పుట్టిన ఐస్‌బర్గ్

బర్గర్ కొరికితే కరకరలాడే ఆకు ఐస్‌బర్గ్ లెట్యూస్. ఆ పేరెలా వచ్చిందంటే చాలామంది చెప్పే కథ ఒకటుంది. 1920ల్లో కాలిఫోర్నియా నుంచి తూర్పు నగరాలకు ఈ పంటను రైలు పెట్టెల్లో పంపేవారట. వాడిపోకుండా పైన ఐసు ముక్కలు గుట్టలుగా పోసేవారట. ఆ రైళ్లు మంచుకొండలు కదిలొస్తున్నట్టే ఉండేవట.

ఐసు పోసిన మాట నిజమే. పేరు మాత్రం అంతకంటే పాతది. ఫిలడెల్ఫియాలోని బర్పీ విత్తనాల కంపెనీ 1894లోనే ‘ఐస్‌బర్గ్’ పేరుతో ఒక వంగడాన్ని అమ్మకానికి పెట్టింది. దాని ఆకుల అంచులకు ఎర్రటి ఛాయ ఉండేది. రైలెక్కింది అది కాదు, ‘న్యూయార్క్’ అనే మరో రకం. ఆకులు గట్టి ఉండలా చుట్టుకునే ఆ రకాన్ని కూడా బజారులో ఐస్‌బర్గ్ అనే పిలిచారు. దానికి తెగుళ్లు సోకితే అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఐవాన్ జాగర్ ‘ఇంపీరియల్’ వంగడాలు రూపొందించారు. 1940ల్లో ‘గ్రేట్ లేక్స్’, 1975లో ఎడ్వర్డ్ రైడర్ రూపొందించిన ‘సలినాస్’ వచ్చాయి. మొక్క మారినప్పుడల్లా పేరు కొత్త మొక్కకు బదిలీ అయింది.

ఐసు అవసరమూ తీరింది. 1950ల నాటికి వ్యాక్యూమ్ కూలింగ్ వాడుకలోకి వచ్చింది. మూసిన గదిలో గాలి లాగేస్తే ఆకుల్లోని తేమ కొద్దిగా ఆవిరై, వేడిని తనతో తీసుకుపోతుంది.

ఇంతవరకూ విత్తనాల, యంత్రాల చరిత్ర. కాలిఫోర్నియాలోని సలినాస్ లోయలో ఈ పంట పండించిన కూలీలది ఇంకా పెద్ద కథ. పేరు చుట్టూ అల్లిన ముచ్చట్లలో వాళ్లు కనబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. లెట్యూస్ విత్తనం చాలా చిన్నది. ఒత్తుగా మొలిచిన మొక్కల్ని పలచన చేయాలి. ఆ పనికి యజమానులు పొట్టి పిడి పారలే ఇచ్చేవారు. వాటితో పొద్దంతా నడుం వంచే పనిచేయాలి. కూలీల్లో అత్యధికులు మెక్సికో మూలాలున్నవాళ్లు, వెన్నెముకలు దెబ్బతిన్నవాళ్లు ఎందరో. 1970లో వ్యవసాయ కార్మిక నేత సీజర్ చావెజ్ నాయకత్వంలో సలినాస్ పొలాల్లో భారీ సమ్మె జరిగింది. పొట్టి పారపై కూలీలు కోర్టుకెక్కి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా పోరాడారు. రైడర్ కొత్త వంగడం వచ్చిన 1975లోనే కాలిఫోర్నియా ఆ పారను నిషేధించింది. ఆ తర్వాత కూలీలు పొడవు పిడి పారతో, నిలబడి మొక్కల్ని పలచన చేశారు.