ఎనిమిది నిమిషముల తేడా

నలుగురితో కలిసి బ్రదుకుటకు రాజీ అవసరమే. కాని క్రొత్త భావమును రూపొందించువాడు, అతడు కవియైనను, వర్తకుడైనను, శాస్త్రజ్ఞుడైనను, అడుగడుగున రాజీపడినచో ఆ భావములోని క్రొత్తదనము కరగిపోవును. ఖగోళశాస్త్ర చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

క్రీ. శ. రెండవ శతాబ్దమున టాలెమీ విశ్వమధ్యమున భూమిని నిలిపెను. 1543 లో కోపర్నికస్ ఆ స్థానమును సూర్యునకిచ్చెను. ఇది గొప్ప సాహసము. అయినను గ్రహగమనము వృత్తములలోనే సాగవలెనను ప్రాచీన విశ్వాసమును ఆయన విడువలేదు. అందుచే టాలెమీ వలెనే ఆయనయు వృత్తములపై చిన్న వృత్తములను పేర్చవలసివచ్చెను.

డెన్మార్కు దేశీయుడైన టైకో బ్రాహీ మరియొక రాజీ చేసెను. దూరదర్శిని లేని ఆ కాలమున ఐరోపాలో ఆయనవలె సూక్ష్మముగా ఆకాశమును కొలిచినవారు లేరు. భూమి కదలినచో నక్షత్రముల స్థానములలో కనబడవలసిన మార్పు ఆయనకు కనబడలేదు; కావున ఆయన సందేహము నిష్కారణము కాదు. 1588 లో ఆయన ప్రకటించిన పద్ధతిలో గ్రహములు సూర్యుని చుట్టు తిరుగును. సూర్యుడు వానితోకూడ భూమి చుట్టు తిరుగును. ఇరుపక్షములకు నచ్చదగిన ఈ ఏర్పాటు నుండి క్రొత్త నియమమేదియు పుట్టలేదు.

1600 లో కెప్లర్ ప్రేగ్ నగరమున టైకో వద్ద చేరెను. మరుసటి సంవత్సరమే టైకో మరణించెను. ఆయన కొలతలతో కెప్లర్ అంగారకుని మార్గమును గణింపసాగెను. ఎంతో శ్రమించి ఒక వృత్తమును సాధించెను. ఒకానొకచోట మాత్రము లెక్కకును కొలతకును 8 నిమిషముల తేడా వచ్చెను. ఇచ్చట నిమిషమనగా కాలమానము కాదు. డిగ్రీలో 60 వ వంతు. పూర్ణచంద్రుని వెడల్పు సుమారు 30 నిమిషములు. అనగా ఆ తేడా చంద్రబింబములో పావువంతు మాత్రమే! టాలెమీ కాలపు కొలతలలో 10 నిమిషముల పొరపాటు సామాన్యము. కెప్లర్ అంతటితో సరిపెట్టుకొన్నను తప్పుపట్టువారుండరు.

కాని టైకో కొలతలలో అంత పొరపాటుండదని ఆయన ఎరుగును. కావున తన శ్రమఫలమునే త్రోసిపుచ్చి, పని మరల మొదలుపెట్టెను. తుదకు వృత్తమును విడిచి దీర్ఘవృత్తమును చేరెను. అంగారకుడు దీర్ఘవృత్తమున తిరుగుననియు, సూర్యుడు దాని నాభులలో ఒకదానియందుండుననియు 1609 లో ప్రకటించెను. 1687 లో న్యూటన్ వెలువరించిన గురుత్వాకర్షణ సిద్ధాంతమునకు కెప్లర్ నియమములు ఆధారములయ్యెను.

కెప్లర్ టైకో కొలతలను గౌరవించెను. ఆయన రాజీని మాత్రము స్వీకరింపలేదు. ప్రయోగశాలలో వచ్చిన అంకె పుస్తకములోని అంకెతో సరిపడనప్పుడు, దానిని దిద్దుటకు ముందు విద్యార్థి ఈ 8 నిమిషములను తలచుకొనవలెను.