నేరస్థ జాతుల చట్టం

నేరస్థ జాతుల చట్టం బ్రిటిష్ ప్రభుత్వం 1871లో భారతదేశంలో తెచ్చిన శాసనం. కొన్ని సంచార జాతులు, కులాలవారు పుట్టుకతోనే దొంగలన్న భావన దీనికి పునాది. నేరం రుజువు కాకపోయినా జాతి మొత్తాన్ని పోలీసు నిఘాలో పెట్టే వీలు దీనితో కలిగింది. 1952లో కేంద్రం దీన్ని రద్దు చేసింది.

నేపథ్యం
కులవృత్తిలాగే నేరమూ వంశపారంపర్యమని అధికారులు వాదించారు. మద్రాసు రాష్ట్రంలోని ఎరుకలవారు తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం పశువులపై వేసుకుని తిరిగి అమ్మేవారు. రైళ్లు, సర్కారు ఉప్పు విధానం ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినా తిరగక తప్పనివారిని ప్రభుత్వం అనుమానించింది.

నిబంధనలు
మొదట వాయవ్య రాష్ట్రాలు, అవధ్, పంజాబులకు వర్తించిన చట్టం 1876లో బెంగాలుకు, 1911లో మద్రాసు సహా దేశమంతటికీ విస్తరించింది. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను కోర్టులో ప్రశ్నించే వీలుండేది కాదు. పేరు నమోదైనవారు వేలిముద్రలివ్వాల్సి వచ్చేది, పిలిచినప్పుడు హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. శిక్షల్లోనూ వివక్ష ఉండేది. చట్టంలో పేర్కొన్న నేరాల్లో రెండోసారి దోషిగా తేలితే, ప్రత్యేక కారణాలు లేకుంటే, కనీసం ఏడేళ్ల జైలు. మూడోసారికి యావజ్జీవ ప్రవాసం. అదే నేరం చేసిన ఇతర కులాలవారికి ఈ నిబంధన వర్తించేది కాదు.

తెలుగు ప్రాంతం
నేరస్థ జాతులుగా ప్రకటించినవారిని ఉంచేందుకు ఏర్పాటైన సెటిల్‌మెంట్లలో, బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడి ఎరుకల కుటుంబాలను చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. సంస్కరణ పేరిట నడిచిన ఈ ఏర్పాటు ఫ్యాక్టరీకి కూలీలను సమకూర్చింది. కావలి, సీతానగరంలోనూ ఇలాంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. 1936లో నెల్లూరు సభలో జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు.

రద్దు, తర్వాతి పరిస్థితి
మద్రాసు రాష్ట్రం 1947లోనే చట్టాన్ని ఎత్తివేసింది. 1949లో కేంద్రం అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ సిఫారసుతో 1952 ఆగస్టు 31న దేశవ్యాప్తంగా చట్టం రద్దయింది. ఆ జాతులకు విముక్త జాతులని పేరు వచ్చింది. అయితే పలు రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి, పోలీసుల చూపు మళ్లీ వారిపైనే నిలిచింది. జైళ్లలో కుల వివక్షపై 2024 అక్టోబరు 3న తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలను కొట్టివేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలని ఆదేశించింది.