పటములోని వారెవరు?

జనగామ, మహబూబాబాదు ప్రాంతముల పాత ఇండ్లలో తాతముత్తాతల ఛాయాపటములు నేటికిని కొన్ని గోడలపై వ్రేలాడుచున్నవి. శ్రోతల ఇండ్లలోను ఉండవచ్చును. "వీరెవరు?" అని మేము అడిగినచో ఇంటివారు తడుముకొనక ఒక పేరు చెప్పుదురు. ఆ పేరు ఆ ముఖమునదేనా యన్నది వేరు ప్రశ్న.

మొదటి చిక్కు మన ఆచారములోనే కలదు. తాత పేరు మనుమనికి పెట్టుట మనకు పరిపాటి. పటము వెనుక 'వేంకటరామారావు' అని వ్రాసియున్నంత మాత్రమున అతడు తాతయో మనుమడో తేలదు. పోనీ, ముసలమ్మగారిని అడుగుదమన్న ఆమె భర్త పేరు నోట పలుకదు. "మీ తాతగారే" యనును. ఎవరికి తాత?

అందుచేత మేము పేరును విడిచి ముందుగా కాలమును పట్టుకొందుము. సికింద్రాబాదునుండి రైలుమార్గము 1886లో వరంగల్లునకు, 1889లో బెజవాడకు చేరినది. జనగామ, మహబూబాబాదు ఆ దారిలోనివే. అక్కడివారికి పట్నపు స్టూడియోలు అందుబాటులోనికి వచ్చినవి. భూపాలపల్లి వైపు రైలు లేదు, అడవి దారులే. రాజా దీనదయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీలకై ప్రత్యేక స్టూడియో తెరచినది 1892లో. దానిని నడపినది ఒక ఆంగ్ల వనిత. పటముపై '1330' అని యున్నచో బెదరనక్కరలేదు. అది నిజాం రాజ్యపు ఫసలీ; 590 కలిపిన 1920 వచ్చును. 'జనగామ తాలూకా, నల్లగొండ జిల్లా' అని యున్నచో ఆ వ్రాత 1953కు ముందటిదని తలంపవచ్చును. ఆ ఏట తాలూకా వరంగల్లు జిల్లాలో చేరినది.

ఇవన్నియు కుర్చీలో కూర్చున్నవారికి పనికివచ్చు ఉపాయములు. గడీల పటములలో ఒక్కొక్కప్పుడు అంచున, పసిబిడ్డ నెత్తుకొని, ఒక స్త్రీ నిలుచుండును. అడిగినచో "ఎవరో పనిమనిషి" అందురు. బిడ్డ పేరు మాత్రము అందరికిని తెలియును! దొరల కూతుళ్ళ వెంట అత్తవారింటికి అరణముగా పంపబడిన ఆడబాపలు తెలంగాణ గడీలలో ఎందరో యుండిరి. 1946లో రగిలిన రైతాంగ పోరాటము ఎదిరించిన దొరతనపు దురాచారములలో ఇదియు నొకటి. వంశావళిలో ఆమె లేదు, భూమి పట్టాలో లేదు. పిచ్చకుంట్లవారు తమ దాతల గోత్రములను, వంశములను ఏకరువు పెట్టుదురు గాని ఆ గానములోనికిని ఆమె రాదు.

ఆమె వచ్చినది పెండ్లికూతురితో. కనుక పటమున్న ఇంట అడిగి లాభము లేదు. ఆ కోడలు ఏ ఊరి ఆడపడుచో తెలిసికొని ఆ ఊరికి పోవలెను; గడీలో గాక, వాడలలోని వృద్ధులను అడుగవలెను. "మా మేనత్తను దొరసానితో పంపినారు" అని చెప్పగలవారు అక్కడ దొరకవచ్చును. దొరికిన పేరును పటము వెనుక, కుర్చీలోని వారి పేరు ప్రక్కనే వ్రాయవలెను. మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. సిరా కాగితమును తినివేయును.